బంతి నేర్పిన బడిపంతులు

ఫుట్‌బాల్ అనగానే మన దేశంలో ఎవరికైనా ముందు కలకత్తా గుర్తుకొస్తుంది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పేర్లు ఆట తెలియనివాళ్ళకు కూడా తెలుసు. ఆ తర్వాత గోవా అంటారు, కేరళ అంటారు. హైదరాబాద్, సికింద్రాబాద్ అని ఎవరూ అనరు. ఈ జంటనగరాల్లో పుట్టి పెరిగినవాళ్ళు కూడా అనరు. కాని ఒకప్పుడు కలకత్తా మహాజట్లను బొంబాయిలోనూ, ఢిల్లీలోనూ వేలాదిమంది చూస్తుండగా ఓడించి, కప్పులు ఎత్తుకొచ్చిన జట్టు మన ఊళ్ళో ఉండేది. దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. అందులో ఆడినవాళ్ళు పోలీసు కొలువు చేసుకునే మామూలు మనుషులు. వాళ్ళకు ఆట నేర్పినాయన పోలీసు కాదు, సైనికుడు కాదు, ఓ బడిపంతులు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఊళ్ళో అందరికీ రహీం సాబ్.

ఆ జట్టు ఇవాళ లేదు. రహీం సాబ్ 1963లోనే వెళ్ళిపోయారు. 2024లో హిందీలో 'మైదాన్' అనే సినిమా వచ్చాక ఆయన పేరు మళ్ళీ కొంతమంది నోట వినిపించింది. సినిమా మంచిదే. అయితే సినిమాకు కావలసింది చివరి గెలుపు. మనకు కావలసింది ఆ గెలుపు ఎక్కడ మొలకెత్తింది, మొలకెత్తిన చోట ఇవాళ ఎందుకు బీడు పడింది అన్నది. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక నాకు ముందు ఆ ప్రశ్నే తోచింది. పంట ఎంత పండిందని ఊరంతా అడుగుతుంది. విత్తనం ఎవరు దాచారని ఇంట్లోవాళ్ళే అడుగుతారు.

బడి నుంచి మైదానానికి

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. అప్పటికి అది నిజాం ఏలుబడిలోని సంస్థానం. చదువుకున్నది ఉస్మానియాలో. చదువుకుంటూ విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు. ఆ తర్వాత కూడా ఊళ్ళోని క్లబ్బుల్లో ఆటగాడిగా మంచి పేరే తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఆట ఆడితే పొట్ట గడిచేది కాదు. అందుకని టీచరు ఉద్యోగంలో చేరారు. కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ బడుల్లో పని చేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత కూడా నెత్తికెత్తుకున్నారు.

ఆయన కథలో తర్వాత వచ్చే కప్పులన్నిటికన్నా ఈ చిన్న సంగతే ముఖ్యమని నాకనిపిస్తుంది. పంతులుకు ఒక అలవాటుంటుంది. తెలివైనవాణ్ణి చూసి సంతోషిస్తాడు గాని, వాడొక్కడితో తరగతి నడవదని ఆయనకు తెలుసు. వెనక బెంచీవాడికి కూడా అర్థమయ్యేలా పాఠాన్ని ముక్కలు చేసి చెప్పాలి. చెప్పిందే పదిసార్లు చేయించాలి. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవాలి. రహీం సాబ్ మైదానంలో చేసిందంతా ఇదే. అంతకుముందు మన దేశంలో ఆటగాళ్ళు లేకపోలేదు. ఆటను పాఠంలాగా విడదీసి నేర్పేవాళ్ళే తక్కువ.

1940ల మొదటి భాగంలో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కార్యదర్శి అంటే కాగితాల మీద సంతకాలు పెట్టే పని అనుకోవచ్చు. ఆయన మాత్రం ఆ కుర్చీని పిల్లల కోసం వాడుకున్నారు. చిన్నపిల్లలకు వేరుగా పోటీలు పెట్టించారు. వయసు ధ్రువపత్రాలు సరిగ్గా దొరకని రోజులు అవి. పిల్లలను ఎత్తును బట్టి కొలిచి జట్లు చేసేవారు. పొడుగ్గా, బలంగా ఉన్నవాడు బక్కపిల్లవాణ్ణి తోసేసి గెలవడానికి వీల్లేకుండా అన్నమాట. చిన్నవాడికి కూడా బంతి అందాలి, అదీ ఆయన లెక్క.

ఖాకీ జట్టు

పోలీసు జట్టు రహీం గారు పుట్టించింది కాదు. 1939లో సిటీ అఫ్గాన్స్ అనే పేరుతో మొదలైంది. 1943లో బెంగుళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో ఈ జట్టు రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించింది. ఆ బ్రిటిష్ జట్టులో డెనిస్ కాంప్టన్ ఉన్నాడు. క్రికెట్ అభిమానులకు ఆ పేరు చెప్పనక్కరలేదు. ఇంగ్లండు తరఫున క్రికెట్, ఆర్సెనల్ తరఫున ఫుట్‌బాల్ ఆడిన మనిషి. యుద్ధకాలంలో సైన్యంతో మన దేశానికి వచ్చాడు. అలాంటివాడున్న జట్టును నిజాం పోలీసులు ఓడించారంటే ఊళ్ళో ఎంత సంబరం జరిగి ఉంటుందో ఊహించుకోవలసిందే.

తర్వాత దేశం మారింది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ రెండేళ్ళూ ఈ ఊరు ఎన్ని కష్టాలు చూసిందో మన తాతలకు తెలుసు. సరిగ్గా అప్పుడే, 1950లో, సిటీ పోలీస్ జట్టు శిక్షణ రహీం గారి చేతికి వచ్చింది. బడి ఉద్యోగం వదల్లేదు. పగలు బడి, పొద్దున సాయంత్రం మైదానం.

ఇక చూడండి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950లో గెలిచారు. 1951లో గెలిచారు. 1952, 1953, 1954, మళ్ళీ మళ్ళీ వాళ్ళే గెలిచారు. వరుసగా ఐదేళ్ళు! రోవర్స్ కప్ 1891లో మొదలై 2001 దాకా నడిచింది. అంత పొడుగు చరిత్రలో వరుసగా ఐదుసార్లు గెలిచిన జట్టు మరొకటి లేదు. మోహన్ బగాన్ లేదు, ఈస్ట్ బెంగాల్ లేదు, తెల్లదొరల పటాలాలు లేవు.

అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్ ఇంకా పాతది. 1888లో సిమ్లాలో పుట్టింది. ప్రపంచ యుద్ధం, దేశ విభజన వల్ల కొన్నేళ్ళు ఆగిపోయి 1950లో మళ్ళీ మొదలైంది. ఆ సంవత్సరమే మనవాళ్ళు మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు తెచ్చారు. 1952 ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడారు. 1954లో బెంగుళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ జట్టును ఓడించి మళ్ళీ గెలిచారు. 1956 ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ మళ్ళీ పైచేయి అయింది. 1957లో అదే ఈస్ట్ బెంగాల్ మీద గెలిచి బాకీ తీర్చుకున్నారు. ఆ ఏడాదే రోవర్స్ కప్ కూడా ఇంటికి తెచ్చారు. ఒకే సీజనులో రెండు పెద్ద కప్పులు!

రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌కు రెండేళ్ళు వరుసగా వచ్చింది, 1956-57లోనూ, 1957-58లోనూ. రెండుసార్లూ ఫైనల్లో ఓడింది బొంబాయే.

నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ వంటివారు ఆనాటి ఆటలో పెద్ద పేర్లు. పేరు పెద్దదే గాని బతుకు చిన్నదే. ఇవాళ్టి ఆటగాళ్ళలాగా కోట్లు లేవు, ప్రకటనలు లేవు. గెలిచి రైలు దిగితే పూలదండలు పడేవి. దండ వాడిపోయాక మళ్ళీ కొలువే. అందుకే ఈ గెలుపులను అంకెలుగా మాత్రమే చూడకూడదు. జీతం రాళ్ళ మీద ఇల్లు నడుపుకుంటూ, ఆటను ఇంత పట్టుదలగా ఆడిన మనుషులు వాళ్ళు.

ఆయన నేర్పిన తీరు

సైన్సు విద్యార్థిని గనుక ఈ భాగం కాస్త వివరంగా చెప్పాలని ఉంది.

మన దేశంలో అప్పటిదాకా గొప్ప ఆటగాడంటే బంతిని కాలికి అతికించుకుని నలుగురిని తప్పించుకుపోయేవాడు. డ్రిబ్లింగ్ అంటాం. చూడ్డానికి ఎంత బాగుంటుందో! కాని లెక్క వేసి చూడండి. మంచి ఆటగాడు బంతి లేకుండా సెకనుకు ఎనిమిది మీటర్లు పరుగెత్తితే, బంతిని కాలితో తోసుకుంటూ అంతకన్నా నెమ్మదిగానే పోగలడు. అదే బంతిని ఓ మోస్తరుగా తన్నితే సెకనుకు పదిహేను మీటర్లు పోతుంది. అంటే మనిషి బంతిని మోసుకుపోవడం కన్నా, బంతిని పంపించి మనిషి ఖాళీ చోటుకు పోవడం లాభం. ఎదుటివాడు బంతి వెంట తిరిగి తిరిగి అలిసిపోతాడు. మనవాళ్ళు ఎత్తులో, ఒడ్డూ పొడుగులో యూరప్‌వాళ్ళకు సరిరారు. తోపులాటలో వాళ్ళతో గెలవలేం. కనుక తోపులాట దాకా రానివ్వకుండా ఆడాలి.

దీన్ని రహీం సాబ్ ఉపన్యాసంగా చెప్పి ఊరుకోలేదు. డ్రిబ్లింగ్ లేకుండా ఆడవలసిన పోటీలే పెట్టారు. బంతి వచ్చిందా, వెంటనే ఇచ్చెయ్యాలి. దాంతో ఏమవుతుంది? బంతి వచ్చేలోపే ఎవరికివ్వాలో చూసుకోవాలి. కాలు కన్నా ముందు కన్ను, కన్ను కన్నా ముందు బుర్ర పని చెయ్యాలి. అలాగే, కుడికాలి ఆటగాడు ఎడమకాలితోనూ తన్నగలగాలని పట్టుబట్టేవారు. ఒకే కాలు వాడేవాడికి మైదానంలో సగం మూసుకుపోయినట్టే.

జట్టును నిలబెట్టే పద్ధతిలో కూడా ఆయన అందరికన్నా ముందున్నారు. 1950ల మొదట్లో హంగరీ జట్టు లోకాన్ని ఆశ్చర్యపరిచింది. సెంటర్ ఫార్వర్డ్ ఎప్పుడూ గోలు ముందే నిలబడకుండా వెనక్కి వచ్చి ఆడితే, అతణ్ణి కాపలా కాసేవాడు ఎటు పోవాలో తెలియక తికమకపడతాడు. అతని వెంట వచ్చాడా, వెనక ఖాళీ. రాలేదా, ఇతను స్వేచ్ఛగా ఆడతాడు. రహీం గారు దీన్ని అధ్యయనం చేసి మన కుర్రవాళ్ళకు సరిపడేలా మార్చుకున్నారు. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే పద్ధతిని 1958లో బ్రెజిల్ ప్రపంచకప్ గెలిచినప్పుడు లోకమంతా మెచ్చుకుంది. అటువంటి ఆటకు 1956 నాటికే మన జట్టును ఆయన అలవాటు చేశారు. టీవీ లేదు, వీడియో లేదు. చూసింది గుర్తుపెట్టుకోవడం, చదివింది ఆలోచించుకోవడం, మైదానంలో చేసి చూడడం. మా ప్రాక్టికల్ క్లాసులో మేం చేసేదీ అదే కదా!

సికింద్రాబాద్ ఇచ్చిన ఇద్దరు

మన సికింద్రాబాద్ దండు ఊరు. సైన్యం ఉన్నచోట ఫుట్‌బాల్ ఉంటుంది. పటాలాలు ఆడుతుంటే గట్టు మీద నిలబడి చూసిన పేదపిల్లలు, తర్వాత గుడ్డబంతితో తామూ మొదలుపెట్టారు. ఆ పిల్లల్లోంచి దేశం మెచ్చిన ఇద్దరు వచ్చారు.

ఒకరు తులసీదాస్ బాలరాం. అమ్ముగూడ కుర్రవాడు. తమిళం మాట్లాడే బీద కుటుంబం. బూట్లు కొనే తాహతు లేక, పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టే అతని చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకుని ఆడిన రోజులున్నాయి. ఆ కుర్రవాడి ఆట రహీం గారి కంటపడింది. ఎంపిక కోసం హైదరాబాద్ రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి కుర్రవాడి దగ్గర డబ్బుల్లేవు. రహీం గారు సైకిలు అద్దెకు డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఈ సంగతి బాలరాం పెద్దయ్యాక ఎన్నోసార్లు చెప్పుకున్నారు. సైకిలు అద్దె ఎంత? లెక్కలోకి రాని మొత్తం. ఆ అద్దె అందని పిల్లవాడు అమ్ముగూడలోనే మిగిలిపోయేవాడు. అందినవాడు 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. బాలరాం గారు 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

రెండోవారు పీటర్ తంగరాజ్. సికింద్రాబాద్‌లోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టి, సైన్యంలో చేరారు. మొదట సెంటర్ ఫార్వర్డ్, తర్వాత గోల్ కీపర్. ఆరడుగులు దాటిన మనిషి. ఒకప్పుడు ఆసియా మొత్తం మీద మేటి గోల్ కీపర్ అనిపించుకున్నారు. ఆయన పోలీసు జట్టులో పెరిగినవారు కారు. అయినా దేశపు జట్టులో రహీం గారి చేతికింద ఆడారు. మన వీధుల్లో ఇద్దరు ఒలింపిక్ ఆటగాళ్ళు తిరిగారని ఈ కాలేజీలో ఎంతమందికి తెలుసు?

దేశం కోసం

1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. భారత జట్టుకు శిక్షకుడు రహీం గారు. ఫైనల్లో మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచాం.

మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్. అక్కడ యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడాం. మనవాళ్ళలో చాలామంది చలిలో వట్టికాళ్ళతో ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. పది గోల్స్ తిన్న శిక్షకుణ్ణి ఇంటికి పంపిస్తే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన మాత్రం ఆ ఓటమిని కూడా పాఠంగానే తీసుకున్నారు.

నాలుగేళ్ళకు ఫలితం కనిపించింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నెల తిరక్కుండానే మన హైదరాబాద్ కుర్రవాళ్ళు మెల్‌బోర్న్‌లో ఉన్నారు. అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, సలాం, జుల్ఫికరుద్దీన్, బాలరాం, తంగరాజ్ — ఒక్క ఊరి నుంచి ఇంతమంది! ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే అయింది. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4-1తో, కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. 1960 రోమ్‌లో ఫ్రాన్సును 1-1తో నిలువరించాం.

చివరి అంకం 1962, జకార్తా. అప్పటికే రహీం గారి ఒంట్లో కాన్సర్ ప్రవేశించింది. ఆయన పైకి చెప్పుకోలేదు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో గెలిచాం గాని, డిఫెన్సుకు గుండెకాయలాంటి జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌తో ఆటకు అతను లేడు. అయినా 2-0తో గెలిచాం. సెమీఫైనల్ వచ్చింది. కుట్లతో ఉన్నవాణ్ణి వెనక కాపలాకు పెడితే ప్రతి బంతికీ తల పెట్టాలి, ప్రమాదం. రహీం గారు అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు! దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ ఆటలో జర్నైల్ ఒక గోలు కొట్టాడు.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్ళీ దక్షిణ కొరియానే. స్టేడియంలో దాదాపు లక్షమంది, అందరూ మనకు వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వనందుకు, వీటిని ఆసియా క్రీడలు అనకూడదని మన దేశపు క్రీడాధికారి సోంధీ అభ్యంతరం చెప్పారు. ఆ కోపమంతా మన ఆటగాళ్ళ మీద పడింది. అంత హోరులో మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. గోలులో మన తంగరాజ్. కొరియా చివర్లో ఒకటి తిరిగి ఇచ్చినా 2-1తో స్వర్ణం మనదే. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి స్వర్ణం రాలేదు. 1970లో వచ్చిన కాంస్యమే చివరి పతకం.

జకార్తా నుంచి వచ్చిన ఏడాది లోపే, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు. యాభై నాలుగేళ్ళు కూడా నిండలేదు.

జట్టు ఎలా కనుమరుగైంది

రాష్ట్రం ఏర్పడ్డాక సిటీ పోలీస్ జట్టు ఆంధ్ర పోలీస్ అయింది. ఆ పేరుతో 1960లో రోవర్స్ కప్, 1961లో మోహన్ బగాన్ మీద డ్యూరాండ్ కప్ గెలిచింది. 1961 రోవర్స్ కప్ కూడా బయటికి పోలేదు. మన సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సెంటర్ గెలిచింది. 1962లో ఆంధ్ర పోలీస్, ఈస్ట్ బెంగాల్ కప్పును పంచుకున్నాయి. రహీం గారు పోయిన 1963లో కూడా ఆంధ్ర పోలీసే రోవర్స్ గెలిచింది, డ్యూరాండ్ ఫైనల్ దాకా వెళ్ళింది. నాటినాయన పోయినా పొలంలో ఉన్న పంట ఆ సీజనుకు చేతికొస్తుంది. 1965-66లో ఆంధ్రప్రదేశ్‌కు సంతోష్ ట్రోఫీ వచ్చింది. అది కూడా పాత నాట్లే. ఆ తర్వాత కోతకేమీ మిగల్లేదు.

ఎందుకని? ఒక కారణం అందరూ చెప్పేదే: కలకత్తా క్లబ్బులు పిలిచాయి. బాలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. 1966లో నయీముద్దీన్, హబీబ్ వెళ్ళారు. ఇద్దరూ హైదరాబాద్ బిడ్డలే. పేదింటి కుర్రవాడు నాలుగు డబ్బులొచ్చే చోటికి పోతే తప్పుపట్టేవాళ్ళెవరు? మా పల్లెల నుంచి పట్నానికి వలస వచ్చేవాళ్ళను తప్పుపడతామా? రెండో కారణం క్రికెట్ అంటారు. మూడోది, ఆడుకునే ఖాళీ స్థలాలు ఇళ్ళయిపోయాయి.

ఇవన్నీ నిజమే. కాని కలకత్తా రహీం గారి కాలంలోనూ పిలిచింది. ఒకడు పోతే ఇంకొకడు వచ్చేవాడు, ఎందుకంటే కింద నారుమడి ఉంది. ఎత్తు కొలిచి పెట్టిన పిల్లల పోటీలు, డ్రిబ్లింగ్ లేని పోటీలు, బడి మైదానాలు — అదీ నారుమడి. ఆయన పోయాక కప్పుల మీద అందరి కన్నూ ఉంది, నారుమడి మీద ఎవరి కన్నూ లేదు. ఒక్క మనిషి భుజాల మీద నడిచిన పని ఆ మనిషితోనే ఆగిపోయింది. ఆయనను పొగిడేటప్పుడు ఈ మాట కూడా చెప్పుకోవాలి. అంత పనిని పంచుకోవడానికి పదిమందిని పక్కన నిలబెట్టవలసిన బాధ్యత సంఘానిదీ, ప్రభుత్వానిదీ. అది జరగలేదు.

విత్తనం పూర్తిగా పోలేదు లెండి. ఆయన దగ్గర నేర్చుకున్న పి.కె. బెనర్జీ తర్వాత కలకత్తాలో పేరుమోసిన శిక్షకుడయ్యారు. నయీముద్దీన్ కూడా దేశపు జట్టుకు శిక్షణ ఇచ్చారు. మన గింజ వేరే చేలో మొలిచింది, అంతే.

డబ్బుతో జట్టును కొని తెస్తే సరిపోతుందా? అదీ చూశాం. 2019లో హైదరాబాద్ పేరుతో కొత్త వృత్తి క్లబ్బు వచ్చింది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది కూడా. అప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. కొనుక్కొచ్చిన మొక్కను ఎవరైనా ఇంకొకరు కొనుక్కుపోవచ్చు. ఊళ్ళో వేరుపట్టిన చెట్టును అలా పెకలించుకుపోవడం కష్టం.

మనం చేయగలిగింది

రహీం సాబ్‌కు విగ్రహం కావాలని, స్టేడియానికి ఆయన పేరు పెట్టాలని అంటుంటారు. పెడితే మంచిదే. కాని ఆయన విగ్రహాల మనిషి కాదు, సైకిలు అద్దె మనిషి. విద్యార్థి సంఘం వారికి నాదొక విన్నపం. ప్రతి ఏడాదీ మన సంఘం అంతర్ కళాశాలల పోటీలకు ఖర్చు పెడుతోంది. షీల్డులు కొంటోంది, బ్యానర్లు కడుతోంది. అందులో ఓ చిన్న భాగం తీసి, చుట్టుపక్కల సర్కారు బడుల పిల్లలకు మన మైదానంలో ఓ నాలుగు ఆదివారాలు పోటీ పెడదాం. ఎత్తు కొలిచి జట్లు చేద్దాం. డ్రిబ్లింగ్ చేస్తే ఫౌల్ అందాం. పెద్ద ఖర్చేం కాదు: బంతులు, సున్నం, మంచినీళ్ళు, బస్సు చార్జీలు. రెఫరీలుగా మనమే నిలబడదాం.

అందులోంచి బాలరాం వస్తాడా అంటే, హామీ ఎవరూ ఇవ్వలేరు. విత్తనం వేసే రైతు కూడా వాన గురించి హామీ ఇవ్వడు. తన వంతుగా వేస్తాడు, అదను తప్పకుండా వేస్తాడు. ఈ వేసవి సెలవుల ముందే మొదటి ఆదివారం పెట్టుకుందాం. పేర్లు ఇవ్వదలచినవారు ఆటల కార్యదర్శి దగ్గర ఇవ్వండి. సున్నం గీతలు గీసే పని నాకు వదిలెయ్యండి. పొలం గట్లు సరిచేసిన చేతులే కనుక, గీత వంకరపోదు.